నల్లబడ్డ వేళ్ళ సంగతి సరే, పక్కనున్న పసుపు సీసా సంగతేంటి?

ప్రశ్న: నమస్తే అండీ. మాది భీమవరం దగ్గర. బీఎస్సీ కెమిస్ట్రీ అయ్యాక ఈమధ్యే ఒక ప్రైవేటు వాటర్ టెస్టింగ్ ల్యాబ్‌లో చేరాను. బోరు నీళ్ళు, రొయ్యల చెరువుల నీళ్ళు వస్తుంటాయి, నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూసే క్లోరైడ్ టెస్టు రోజూ ఉంటుంది. దానికి వాడే సిల్వర్ నైట్రేట్ తగిలి నా కుడిచేతి వేళ్ళు, రెండు గోళ్ళు నల్లగా అయిపోయాయి. ఎంత రుద్దినా పోవడం లేదు. మా సార్ "ఏం కాదు, మా అందరికీ అంతే" అంటారు. అమ్మకేమో ఒకటే టెన్షన్. ఇది చర్మంలోంచి ఒంట్లోకి పోతుందేమోనని ఒకటి, సంబంధాలు చూస్తున్న టైమ్‌లో చేతులు ఇలా అయ్యాయని ఇంకొకటి. ఉద్యోగం మానేయమంటోంది. బ్లీచింగ్ పౌడర్ పెట్టి కడిగితే మచ్చలు పోతాయా? ల్యాబ్‌లో ఒక పాత సీసా ఉంది, అందులో స్ఫటికాలు బూడిద రంగుకి తిరిగాయి, వాడొచ్చా? టెస్టు అయ్యాక అంతా సింకులో పోసేస్తున్నాం, పర్వాలేదా? ఇంకో సంగతి, ఇంటర్ చదివే మా తమ్ముడు ఫోన్లో వీడియో చూసి, గాజు సీసాకి లోపల వెండి పూత వేస్తాను, కాస్త తెచ్చిపెట్టక్కా అని నా ప్రాణం తీస్తున్నాడు. తీసుకెళ్ళొచ్చా?

జవాబు: ముందు అమ్మగారికి ధైర్యం చెప్పండి. ఆ నల్లటి మచ్చలు విషం ఒంట్లోకి పోయిందనడానికి గుర్తు కావు. సిల్వర్ నైట్రేట్ నీళ్ళలో కరిగినప్పుడు వెండి అయాన్ల రూపంలో ఉంటుంది, అప్పుడు దానికి రంగే ఉండదు, అందుకే తగిలినప్పుడు మీకు తెలియదు. చెమటలో ఉప్పు ఉంటుంది కదా, దానితో కలిసి సిల్వర్ క్లోరైడ్ అవుతుంది, చర్మంలోని ప్రొటీన్లకు కూడా అతుక్కుంటుంది. ఆ తర్వాత వెలుతురు తగిలేకొద్దీ అది విడిపోయి సన్నటి వెండి రేణువులుగా మిగులుతుంది. వెండి అంత సన్నటి పొడిగా ఉంటే మెరవదు, నల్లగానే కనిపిస్తుంది. పొద్దున తగిలింది సాయంత్రానికి బయటపడటం అందుకే. ఇదంతా జరిగేది చర్మం పైపొరలో, ఎలాగూ కొన్నాళ్ళకు రాలిపోయే మృతకణాల్లో. గాయం లేని చర్మంలోంచి లోపలికి పోయేది చాలా చాలా తక్కువ.

అమ్మగారికి ఇంకా నమ్మకం కుదరకపోతే ఓటేసి వచ్చినప్పుడు ఆవిడ ఎడమచేతి చూపుడువేలు గుర్తుచేయండి. ఆ సిరాలో ఉండేదీ ఇదే సిల్వర్ నైట్రేట్. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ ఫార్ములాతో మైసూరులోని ప్రభుత్వ రంగుల కంపెనీ, అంటే మైసూర్ పెయింట్స్ వాళ్ళు, తయారుచేస్తారు, 1962 సాధారణ ఎన్నికల నుంచి మన వేళ్ళ మీద పడుతోంది. కోట్ల మంది వేళ్ళకు పూసే పదార్థం అది. అలాగని పూసుకుంటూ కూర్చోమని కాదు. ఏళ్ళకోసారి ఒక గీత పడటం వేరు, రోజూ అదే చోట పదేపదే తగలడం వేరు. రెండో దానివల్ల చర్మం ఎండిపోతుంది, మంట పుడుతుంది, గాఢమైన ద్రావణం అయితే కాలుతుంది కూడా. ఇప్పటికే మంట, పగుళ్ళు, పొక్కులు ఉంటే మాత్రం చర్మం డాక్టరుకు చూపించాలి.

ఇక బ్లీచింగ్ పౌడర్. వద్దు. యాసిడ్ వద్దు, ప్యూమిస్ రాయితో గీకడం వద్దు. వెండి మరక పోగొట్టడానికి సైనైడ్ వాడొచ్చని ఎక్కడో పాత పుస్తకాల్లో కనిపిస్తుంది, ఎవరైనా చెప్పినా దాని దరిదాపులకు పోకండి. తగిలిన వెంటనే, అంటే నల్లబడక ముందే, బాగా నీళ్ళతో కడిగితే చాలావరకు పోతుంది. ల్యాబ్‌లో హైపో, అదే సోడియం థయోసల్ఫేట్, పలుచటి ద్రావణం చేసి పెట్టుకుంటే నల్లబడని సిల్వర్ క్లోరైడ్‌ను అది కరిగించేస్తుంది, బల్ల మీద, గచ్చు మీద, కోటు మీద పడినప్పుడు వెంటనే దానితో తుడిచి తర్వాత నీళ్ళతో కడగండి. ఒకసారి నల్లటి వెండిగా మారిపోయాక హైపో ఏమీ చేయలేదు. మీ వేళ్ళ మీద ఉన్నది ఆ స్థితిలోనే ఉంది. దాన్ని వదిలేయండి. రాత్రిపూట కొబ్బరినూనె రాసుకోండి, మరక పోవడానికి కాదు, రుద్ది రుద్ది ఎండిపోయిన చర్మం కోసం. ఇవాళ్టి నుంచి కొత్తగా తగలకుండా చూసుకుంటే చర్మం మీదవి వారం పది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో, వాటంతటవే పోతాయి. గోళ్ళ మీదవి మాత్రం గోరు పెరిగి కత్తిరించేదాకా ఉంటాయి, దానికి కొన్ని నెలలు పట్టొచ్చు. పెళ్ళిచూపులు ఉంటే గోళ్ళరంగు వేసుకుంటే సరిపోతుంది, ఉద్యోగం మానేయాల్సిన పనేమీ లేదు.

కానీ మీ సార్ "ఏం కాదు" అన్న మాటతో నేను ఒప్పుకోను. మచ్చల విషయంలో ఆయన అన్నది దాదాపు నిజమే. ఆ మచ్చలు చెబుతున్న సంగతి మాత్రం వేరే ఉంది. మీ ల్యాబ్‌లో గ్లోవ్స్ లేకుండా పనిచేస్తున్నారు. చేతికి వెండి తగిలిందంటే దాని పక్కనున్నది కూడా తగులుతోందన్నమాట. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు, నాకు అసలు భయం అక్కడే.

క్లోరైడ్ టెస్టు మీరు రోజూ చేసేదే, ఒకసారి గుర్తుచేసుకోండి. కోనికల్ ఫ్లాస్కులో నీళ్ళు తీసుకుని ఒక మిల్లీలీటరు పొటాషియం క్రోమేట్ వేస్తారు, నీళ్ళు నిమ్మపండు రంగులోకి తిరుగుతాయి. బ్యూరెట్, అంటే చుక్కలుగా వదిలే గాజు గొట్టం, కుళాయి తిప్పితే సిల్వర్ నైట్రేట్ చుక్క పడిన చోట తెల్లగా పాలు కలిసినట్టు అవుతుంది, మధ్యలో ఇటుకరాయి రంగు ఒక్క క్షణం కనిపించి, ఫ్లాస్కు తిప్పగానే మాయమవుతుంది. క్లోరైడ్ అయిపోయాక ఆ ఎరుపు ఛాయ నిలబడిపోతుంది, అదే ఎండ్ పాయింట్, అంటే ఆపాల్సిన చోటు. ఆ నిమ్మపండు రంగు ఇచ్చిన పొటాషియం క్రోమేట్‌లో ఉండేది ఆరు వేలెన్సీ క్రోమియం. అది క్యాన్సర్ కారకమని తేలిన పదార్థం. దాని పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం, చర్మానికి పదేపదే తగిలితే మానని పుళ్ళు, అలర్జీ వస్తాయి. సిల్వర్ నైట్రేట్ తగిలితే నల్ల మచ్చ పెట్టి చెబుతుంది, క్రోమేట్ అలా ఏమీ చెప్పదు, కడిగేస్తే పసుపు రంగు పోతుంది, ఏమీ జరగనట్టే ఉంటుంది. మీ ఇంట్లో అందరూ నల్ల మచ్చల గురించి దిగులు పడుతుంటే పసుపు సీసాను ఎవరూ పట్టించుకోవడం లేదు.

కాబట్టి నైట్రిల్ గ్లోవ్స్ వేసుకోకుండా ఈ టెస్టు మొదలుపెట్టకండి. చిరిగినా, లోపలికి తడి వెళ్ళినా వెంటనే మార్చండి, అవే గ్లోవ్స్‌తో ఫోన్ పట్టుకోవద్దు, తలుపు గొళ్ళెం పట్టుకోవద్దు. ఇంకొకటి, మీ ల్యాబ్‌లో పిపెట్‌ను, అంటే ద్రావణం కొలిచి తీసే గాజు గొట్టాన్ని, నోటితో పీల్చే అలవాటు ఉంటే ఇవాళే మానేయండి. మన కాలేజీల్లో ఇప్పటికీ చాలాచోట్ల అలాగే నేర్పిస్తారు, అది చాలా తప్పు. రబ్బరు బల్బు పెద్ద ఖరీదేం కాదు. పొరపాటున ద్రావణం నోట్లోకి వెళితే నోరు పుక్కిలించి ఉమ్మేయండి, మింగితే బలవంతంగా వాంతి చేయించకుండా 108కి ఫోన్ చేయండి, సీసా మీద లేబుల్ డాక్టరుకు చూపించండి. సిల్వర్ నైట్రేట్ గొంతునూ కడుపునూ కాలుస్తుంది, వాంతి చేయిస్తే అదే దారిలో రెండోసారి కాలుతుంది.

ఇప్పుడు కళ్ళ సంగతి. సిల్వర్ నైట్రేట్‌కీ కళ్ళకీ ఉన్న సంబంధం చాలా పాతది. 1880ల్లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో కార్ల్ క్రెడే అనే ప్రసూతి వైద్యుడు, పుట్టిన పిల్లల కళ్ళలో 2 శాతం సిల్వర్ నైట్రేట్ చుక్క వేయడం మొదలుపెట్టాడు. కాన్పు సమయంలో తల్లి నుంచి సోకే గనేరియా అనే లైంగిక వ్యాధితో బిడ్డలు గుడ్డివాళ్ళయిపోయే రోజులవి. ఆ ఒక్క చుక్కతో ఎంతోమంది పిల్లల చూపు నిలబడింది. తర్వాత దాన్ని 1 శాతానికి తగ్గించారు. అయినా కళ్ళు ఎర్రబడి ఉబ్బేవి, అందుకే యాంటీబయాటిక్ మందులు వచ్చాక దాని వాడకం చాలావరకు పోయింది. కంటికి మందుగా వాడినదే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు, అక్కడంతా కథ గాఢతదే. మీరు బోరు నీళ్ళకు వాడే 0.0141 నార్మల్ (నార్మల్ అంటే గాఢత కొలమానం) ద్రావణంలో లీటరుకు 2.395 గ్రాములే ఉంటుంది, అంటే పావు శాతం కూడా లేదు. చెరువు నీళ్ళలో ఉప్పు ఎక్కువ కాబట్టి వాటికి 0.1 నార్మల్ వాడుతున్నారేమో, అందులో లీటరుకు దాదాపు 17 గ్రాములు. వేళ్ళు నల్లబడింది బహుశా దానివల్లే. ఆ ద్రావణం తయారుచేసేటప్పుడు, సీసా మూత తీసి స్ఫటికాలు తూచేటప్పుడు, అసలు ప్రమాదం ఉంటుంది. ఒక్క స్ఫటికం కంట్లో పడితే కన్నీళ్ళలో కరిగి అక్కడికక్కడ గాఢమైన ద్రావణం అయిపోతుంది, కార్నియా, అంటే కనుగుడ్డు ముందున్న పారదర్శక పొర, కాలిపోతుంది, చూపే పోవచ్చు. కళ్ళకు పూర్తిగా కప్పుకునే గాగుల్స్ పెట్టుకోకుండా ఆ సీసా మూత తీయొద్దు. మామూలు కళ్ళజోడు సరిపోదు. కంట్లో పడితే ఆగకుండా, కనురెప్పలు తెరిచిపట్టుకుని, కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీళ్ళతో కడగాలి, కాంటాక్ట్ లెన్సులు ఉంటే తీసేయాలి, తర్వాత నేరుగా కంటి ఆసుపత్రికే వెళ్ళాలి. మంట తగ్గిందని ఇంటికి వెళ్ళిపోవద్దు.

తూచేటప్పుడు ఫ్యాన్ ఆపండి, మాస్క్ పెట్టుకోండి. గాలిలో కరిగే వెండి సమ్మేళనాల పరిమితి ఘనపు మీటరుకు 0.01 మిల్లీగ్రాము అని అమెరికా కార్మిక రక్షణ నిబంధన, దాన్నిబట్టే ఆలోచించండి ఎంత తక్కువో. ఈ దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చినా, నోట్లోకి వెళ్ళినా వెండి ఒంట్లో పేరుకుని చర్మం, కనుగుడ్లు బూడిద నీలం రంగుకి తిరుగుతాయి. ఆర్జీరియా అంటారు. అది వేలి మీద మచ్చలాగా రాలిపోదు, జీవితాంతం ఉండిపోతుంది. అమ్మగారు భయపడాల్సింది ఏదైనా ఉంటే దీనికి, దీన్ని తప్పించుకోవడం కూడా సులువే. ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. ఇంటర్నెట్‌లో "కొల్లాయిడల్ సిల్వర్" అని, సన్నటి వెండి రేణువులు కలిపి, రోగనిరోధక శక్తికి తాగే నీళ్ళు అమ్ముతున్నారు, అవి తాగినవాళ్ళలో కొందరికి కూడా ఇదే వచ్చింది. అవి సురక్షితమని గానీ పనిచేస్తాయని గానీ ఒప్పుకోలేమని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చింది. ఇంట్లో ఎవరూ కొనకుండా చూడండి.

తమ్ముడి విషయం. దయచేసి ఇంటికి తీసుకెళ్ళొద్దు, ఒక్క గ్రాము కూడా. ఆ వీడియోలో చూపించేది టాలెన్స్ పరీక్ష. సిల్వర్ నైట్రేట్‌లో అమ్మోనియా కలిపి, గ్లూకోజ్ వేసి వేడినీళ్ళలో పెడితే గాజుకి లోపల అద్దంలా వెండి పూత పడుతుంది, చూడటానికి చాలా బాగుంటుంది, ఇంటర్ ల్యాబ్‌లో ఆల్డిహైడ్‌ల పరీక్షగా చేయిస్తారు కూడా. వీడియోల్లో చాలావరకు చెప్పనిది ఏంటంటే, ఆ అమ్మోనియా కలిపిన ద్రావణాన్ని దాచి ఉంచకూడదు. నిలవ ఉంటే అందులో సిల్వర్ నైట్రైడ్ లాంటి నల్లటి పదార్థం తయారవుతుంది. అది కదిపినా, గీకినా, ఒక్కోసారి ఊరికే సీసా జరిపినా పేలుతుంది. గాజు ముక్కలు ఎగిరి కళ్ళలో గుచ్చుకున్న ప్రమాదాలు ఇలాగే జరిగాయి. అప్పటికప్పుడు కాస్త చేసి, పని అవగానే పలుచటి నైట్రిక్ యాసిడ్‌తో ఆమ్లీకరించి పాడుచేయాలి, ఇది పక్కన లెక్చరర్ ఉండి చేయించే పని. ఇంట్లో కుర్రాడు సగం మిగిలిన ద్రావణాన్ని కిటికీలో పెట్టి రేపు మళ్ళీ చేద్దామనుకుంటాడు, ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది. మీ ల్యాబ్‌లో కూడా సిల్వర్ నైట్రేట్ ఉన్న అరలో అమ్మోనియా సీసా ఉంటే వేరే చోటికి మార్చండి. స్పిరిట్, అసిటోన్, కాగితాలు, దూది కూడా దాని పక్కన వద్దు. ఇది ఆక్సీకరణి, తగలబడే వాటిని ఇంకా బాగా తగలబెడుతుంది. ఒలికిన ద్రావణం తుడిచిన టిష్యూ పేపర్లు అలాగే చెత్తబుట్టలో వేయకుండా ఉప్పునీళ్ళలో ముంచి వ్యర్థాల డబ్బాలో వేయండి.

తమ్ముడి ఉత్సాహం మీద నీళ్ళు చల్లమని కాదు. వాళ్ళ కాలేజీ లెక్చరర్‌ను అడిగి, ల్యాబ్‌లోనే, పలుచటి సిల్వర్ నైట్రేట్‌లో శుభ్రం చేసిన రాగి తీగ వేసి చూడమనండి. కాసేపటికి తీగ చుట్టూ వెండి సూదుల్లాంటి స్ఫటికాలు కొమ్మలు వేస్తాయి, నీళ్ళు మెల్లగా నీలం రంగుకి తిరుగుతాయి. రాగి కరిగి వెండి బయటికి రావడం కళ్ళ ముందు కనిపిస్తుంది. వాళ్ళ పాఠంలోని లోహాల చర్యాశీలత శ్రేణి, అంటే ఏ లోహం దేన్ని బయటికి నెడుతుందో చెప్పే వరస, దీంతో ఎప్పటికీ మరచిపోడు.

పాత సీసా గురించి. స్వచ్ఛమైన స్ఫటికాలకు రంగు ఉండదు. దుమ్ము, కాగితపు నలుసులు, తేమ చేరాక వెలుతురు తగిలితే పైపైన వెండిగా మారి బూడిద రంగు వస్తుంది. విషం ఏమీ పెరగదు, కానీ తూచిన బరువులో అసలు సిల్వర్ నైట్రేట్ ఎంతో లెక్క తప్పుతుంది. పారేయక్కర్లేదు. డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, వడపోసి, సోడియం క్లోరైడ్ ప్రమాణ ద్రావణంతో స్టాండర్డైజ్ చేసుకుని, అంటే అసలు గాఢత ఎంతో తేల్చుకుని, వాడొచ్చు. 140 డిగ్రీల్లో ఆరబెట్టిన సోడియం క్లోరైడ్ 824 మిల్లీగ్రాములు లీటరులో కరిగిస్తే అది 0.0141 నార్మల్ అవుతుంది. ఎలాగూ కొత్త సీసా అయినా ఇది చేయాల్సిందే. మంచినీటికి మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం క్లోరైడ్ లీటరుకు 250 మిల్లీగ్రాములు, వేరే వనరు లేకపోతే 1000 దాకా. ఆ గీత దగ్గరున్న బోరు నీళ్ళకు మీ ద్రావణం గాఢత కాస్త తేడా ఉన్నా రిపోర్టు మారిపోతుంది, ఒక ఇంటివాళ్ళు ఆ కాగితం చూసుకుని తాగాలో వద్దో నిర్ణయించుకుంటారు. తయారుచేసిన ద్రావణం ముదురు గోధుమరంగు సీసాలో, బీరువాలో పెట్టండి. అడుగున నల్లటి మడ్డి కనిపిస్తే మళ్ళీ స్టాండర్డైజ్ చేయండి. కరిగించగానే నీళ్ళు పాలలా తెల్లబడితే తప్పు సిల్వర్ నైట్రేట్‌ది కాదు, మీరు డిస్టిల్డ్ అనుకుంటున్న నీళ్ళలో క్లోరైడ్ ఉంది.

సింకులో పోయడం ఆపేయండి, ఇది నేను గట్టిగా చెబుతున్న మాట. మీ ప్రాంతంలో సింకు నీళ్ళు కాలువలోకి, కాలువ నుంచి డ్రైన్‌లోకి, అక్కణ్ణుంచి ఎవరో ఒకరి చెరువులోకి పోతాయి. కరిగిన వెండి అయాన్లు లీటరుకు పదుల మైక్రోగ్రాముల్లో ఉన్నా మంచినీటి చేపలకు ప్రాణాంతకం. ఉప్పునీళ్ళలో క్లోరైడ్ పట్టుకుంటుంది కాబట్టి ప్రమాదం తగ్గుతుంది, కానీ మీ వ్యర్థంలో వెండితోపాటు క్రోమియం కూడా ఉంది, దానికి ఉప్పు ఏమీ చేయదు. టెస్టు అయ్యాక ఫ్లాస్కులోది అంతా మూత ఉన్న ఒక ప్లాస్టిక్ క్యాన్‌లో పోయండి. ప్రమాదకర వ్యర్థం, వెండి, క్రోమేట్ అని పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. మిగిలిపోయిన సిల్వర్ నైట్రేట్ ద్రావణం ఏదైనా ఉంటే క్రోమేట్ కలవకుండా వేరే డబ్బాలో పోసి కాస్త ఉప్పు వేయండి, వెండి మొత్తం తెల్లటి అవక్షేపంగా అడుక్కి దిగుతుంది. నిండాక ఎక్కడికి పంపాలో కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో అడగమనండి. ఇలాంటి వాటిని శుద్ధిచేసే కేంద్రం విశాఖపట్నం దగ్గర పరవాడలో ఉంది.

మీ సార్‌కు ఇదంతా చెప్పినా వినకపోతే లెక్కలో చెప్పండి. సిల్వర్ నైట్రేట్ బరువులో 63.5 శాతం వెండే. 25 గ్రాముల సీసా అంటే అందులో దాదాపు 16 గ్రాముల వెండి, ఇప్పటి వెండి ధరకి ఎంతో ఆయనే లెక్క వేసుకుంటారు. ఇన్నాళ్ళూ అదంతా సింకులోకి పోయింది. క్రోమేట్ కలవని డబ్బాలో అడుక్కి దిగిన సిల్వర్ క్లోరైడ్‌లో నాలుగింట మూడు వంతులు వెండే, శుద్ధిచేసే అనుమతి ఉన్నవాళ్ళు తీసుకుంటారు. మీరు గానీ, ఊళ్ళో తెలిసిన కంసాలి గానీ దాన్ని కరిగించే ప్రయత్నం చేయొద్దు. ఆ మిగిలే డబ్బులో గ్లోవ్స్, గాగుల్స్, పిపెట్ బల్బులు, కళ్ళు కడుక్కునే సీసా అన్నీ వస్తాయి. అందులో ముందు గాగుల్స్ అడగండి, అవి వచ్చేదాకా స్ఫటికాలు తూచే పని చేయనని చెప్పండి. అలా చెప్పే హక్కు మీకుంది.